పొగ లేని నిప్పు ప్రాణం ఎందుకు తీస్తుంది?

పోచంపల్లి నేతన్నల ఇళ్లలో చాలాచోట్ల మగ్గం, పడక ఒకే కప్పు కింద ఉంటాయి. చలి రాత్రి అక్కడ తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుంటే ఏమవుతుంది? పొగ లేదు కాబట్టి భయం లేదంటారు కొందరు. చిక్కంతా అక్కడే ఉంది. గాలి చాలక బొగ్గు సరిగా కాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా ఈ వాయువును 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే ఊపిరి ఆడుతున్నా మెదడుకు ఆక్సిజన్ చాలదు. తలనొప్పి, వికారం, మగత కమ్ముకుంటాయి.

అప్పుడు లేచి తలుపు తీయొచ్చు కదా అనుకోకండి. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ లక్షణాలే తెలియవు, మెలకువగా ఉన్నా లేచే సత్తువ ఉండకపోవచ్చు. ముక్కు పసిగట్టలేనిదాన్ని డిటెక్టర్ పసిగడుతుంది. చాలా డిటెక్టర్లలో ఈ వాయువు రసాయన చర్య జరిపి చిన్న విద్యుత్ ప్రవాహాన్ని పుట్టిస్తుంది. మోతాదు హద్దు దాటితే అలారం మోగుతుంది. పొగను గుర్తించే అలారం ఈ పని చేయలేదు. అయితే డిటెక్టర్ హెచ్చరిస్తుందే తప్ప గాలిని శుభ్రం చేయదు. కాబట్టి అది ఉన్నా కుంపటి చోటు ఆరుబయటే. ఎవరికైనా మగత కమ్మితే వెంటనే బయటి గాలిలోకి తీసుకెళ్లి, 108కి ఫోన్ చేయండి.