మంచుపై గాలము

శీతకాలమున ఫిన్లాండు దేశపు సరస్సులు గడ్డకట్టును. అయినను అచ్చటివారు గాలములను మూలనుంచరు. 4 డిగ్రీల సెంటిగ్రేడు కడ నీరు మిక్కిలి సాంద్రమై అడుగునకు దిగును. తేలికయగు మంచుగడ్డ పైన తేలుచు దానిని ఇంటికప్పువలె చలినుండి కాచును. కావుననే అడుగున చేపలు జీవించును.

గాలమువేయువాడు ముందుగా తీరముకడ మంచును తొలిచి మందము కొలుచును. 10 సెంటీమీటర్లకు తక్కువైనచో వెనుకకు మరలును. ప్రవాహముగల చోట మంచు పలుచన, అచ్చట అడుగిడడు. మందము చాలినచో బరమాతో రంధ్రము చేసి, పొట్టి కఱ్ఱతో గాలము దించి, చిన్నపీటపై గంటలకొలది కూర్చుండును. చేప తగులనిచో వేఱొక రంధ్రము తొలుచును. అతని మెడలో రెండు ఇనుపమొనలు వ్రేలాడుచుండును. మంచు విరిగి నీట పడినచో వానిని గడ్డపై గ్రుచ్చి పైకి ప్రాకవలెను.

చేప నేడు దొరకకున్న రేపు దొరకును. పోయిన ప్రాణము మరల రాదు.