మంచి చేయి – బోర్లించే వేళ

పేకలో చెడ్డ చేతిని పారవేయటానికి పాండిత్యం అక్కరలేదు. పదమూడు ముక్కలు విప్పి చూసుకొన్నప్పుడు ఒకదానికొకటి పొత్తు లేకపోతే, 'స్కూటు' అని బోర్లించి ఇరవై పాయింట్లు వ్రాయించుకొనటం నిన్న నేర్చినవానికైనా చేతనవును. మూడు రాజులూ రెండు జోకర్లూ వచ్చిన చేతిని బోర్లించవలసి వచ్చినప్పుడే ఆటగాని వివేకం బయటపడుతుంది.

వాసవీ కన్యకాపరమేశ్వరి క్షేత్రంగా పేరుపొందిన పెనుగొండ వర్తకుల ఊరు. చిట్టా ఆవర్జాల విలువ అక్కడివారికి ఒకరు చెప్పనక్కరలేదు. రమ్మీలో కూడ ముక్కలకంటె ముందు చూడవలసినది లెక్కల కాగితమే. నూటొకటి ఆటలో గెలిచినవానికి సున్న, ఓడినవానికి చేతిలో మిగిలిన ముక్కల విలువ. మొత్తం 101కి చేరినవాడు ఆటనుండి వెళ్ళిపోతాడు. మొదటి ముక్క తీయకముందే తప్పుకొంటే 20, నడుమ తప్పుకొంటే 40, నిలిచి ఓడితే గరిష్ఠంగా 80. జోకరు సాయం లేని వరుస ఒకటి తప్పక ఉండవలె. దానినే మనవారు 'లైఫ్' అంటారు. పేరు సార్థకమైనదే. అది లేనివానికి రాజులు ముగ్గురు కలిసి కూర్చున్నా ముప్పై పాయింట్ల బరువే తప్ప బలం కాదు.

ఒక చేతిని ఊహించండి. మూడు రంగుల రాజులు, రెండు జోకర్లు, ఇస్పేటు ఎనిమిది తొమ్మిది, ఆఠీను నాలుగు అయిదు, కళావరు డైమను పదులు, మిగిలినవి కళావరు రెండు, డైమను ఆరు. చూడగానే ముఖం వికసిస్తుంది. ఇస్పేటు ఏడో పదో, ఆఠీను మూడో ఆరో ఏ ఒక్కటి వచ్చినా లైఫ్ కుదురుతుంది. కుదిరిందా, ఆట ఇంచుమించు ముగిసినట్లే. కుదరకముందే ఎదుటివాడు షో చేశాడా, ఈ అందమైన చేయి 84 పాయింట్ల మోపు, 80 వ్రాసుకొనవలె.

ఆట మొదట్లో ఈ చేతిని బోర్లించినవాడిని చూచి అందరూ నవ్వుతారు, నవ్వవలసిందే. కాని ముగ్గురే మిగిలారనుకొందాం. మనవానికి 80, తక్కిన ఇద్దరికీ 95, 98. ఆ ఇద్దరికీ స్కూటుకు చోటు లేదు, ఆడి తీరవలె. మనవానికి సరిగా ఒక్క స్కూటు మిగిలి ఉన్నది. 80కి ఇరవై చేరితే నూరు, ప్రాణం నిలుస్తుంది. ఒక్క ముక్క తీసిన తరువాత ఆ దారి మూతపడుతుంది. నడిమి స్కూటు నలభై కనుక అదీ పనికిరాదు. అతడు తప్పుకొంటే ఆ ఇద్దరిలో ఒకడు ఓడక తప్పదు. ఓడినవాడు చాలా తక్కువ పాయింట్లతో బయటపడితే తప్ప ఆటలో మిగలడు.

ఇక్కడ ఒక్క ప్రశ్న అడగవలె: బహుమతులు ఎన్ని? మొదటివానికే సొమ్మంతా దక్కే పందెమైతే ఈ చేతిని ఆడటమే సరి, ఇంతకంటె మంచిది మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. ఇద్దరికి బహుమతులుండి, వాటి మధ్య తేడా స్వల్పమైతే బోర్లించటమే సరి. ముక్కలు మారలేదు, వాటి విలువ మారింది. రమ్మీ బాగా ఆడేవారు సైతం తడబడేది ఈ చోటనే. వారు చేతికి వచ్చినదానిని చూస్తారు, చేజారేదానిని చూడరు.

అమెరికావారి పోకరు పోటీలలో ఈ చిక్కు మరింత స్పష్టం. లాస్ వేగాస్‌లో 1970లో మొదలైన ప్రపంచ పోకరు పోటీల వంటివాటిలో బిళ్ళలన్నీ పోయినవాడు లేచిపోవలె. బిళ్ళలు రెట్టింపైనంత మాత్రాన బహుమతి ఆశ రెట్టింపు కాదు. ఉన్నవన్నీ పోతే మాత్రం ఆశ మొత్తం పోతుంది. అందువలన బహుమతుల అంచున నిలిచినవారు, మామూలు పందెంలో కళ్ళు మూసుకొని ఆడే చేతిని కూడ పారవేస్తారు.

మన రమ్మీ నేర్పుతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1967లోనే తేల్చింది. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై 1963లో పోలీసులు దాడి చేయగా ఆ వ్యాజ్యం అక్కడిదాకా వెళ్ళింది. పడిన ముక్కలను గుర్తుంచుకొనవలె, ఏది ఉంచుకొనవలెనో ఏది విడువవలెనో తెలియవలె. కనుక మూడుముక్కలాటవలె ఇది కేవలం అదృష్టం కాదని న్యాయమూర్తి హిదయతుల్లా వ్రాశారు. ఆడించేవారు దానిమీద లాభం గడిస్తే నేరమే కావచ్చునన్న హెచ్చరిక కూడ ఆ తీర్పులోనే ఉన్నది. తీర్పును తలచేవారు చాలమందికి ఆ రెండవ సంగతి గుర్తుండదు. తరువాత ఆట అరుగుమీదనుండి చేతిఫోనులోకి వచ్చింది. పందెమొడ్డే అంతర్జాలపు రమ్మీని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అరుగుమీద నలుగురూ లేస్తే ఆట ఆగేది. ఫోనులో ఒక బల్ల ముగియగానే మరొకటి సిద్ధం. స్కూటు ఇరవై పాయింట్లేగాని, బల్లనుండి లేవటానికి లెక్క ఏ కాగితంమీదా లేదు.

ఈ లెక్క తెలియని జూదరుల కథను మనకు తెనుగున చెప్పినవాడు గోదావరి ఒడ్డున, రాజమహేంద్రవరంలో కూర్చుండి వ్రాసిన నన్నయ. సభాపర్వంలో ధర్మరాజుకు ఆగటానికి అవకాశం లేకపోలేదు. విదురుడు వారిస్తూనే ఉన్నాడు. పోయిన ప్రతి పందెమూ తరువాతి పందేన్ని పెద్దది చేసింది. అరణ్యపర్వంలోని నలుడూ రాజ్యం పోయేదాకా లేవలేదు. ఐతే అతనికి ఋతుపర్ణుడు దొరికాడు. దారిలోని తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూపుమేరలో లెక్కించి చెప్పగల రాజతడు. ఆ లెక్కతోపాటు అక్షహృదయం నలునికి అబ్బగానే కలి అతన్ని విడిచిపోయాడు. నలుడు పుష్కరునితో మళ్ళీ జూదమాడి పోయిన రాజ్యాన్ని గెలుచుకొన్నాడు. గెలిచిన చేతితో తమ్ముని సర్వస్వం లాగుకొనగల స్థితిలో ఉండి కూడ, అతని భాగం అతనికిచ్చి, ఆదరించి, తన ఊరికి సాగనంపాడు.