గేరు వేసే చేతికే తెలుసు కారు సుఖం

కమలాపురం: ఎద్దులబండి తోలేవాడికి పగ్గం అన్నీ చెప్పేది. ఎద్దు అలసిందా, నేల మెత్తబడిందా, మిట్ట వచ్చిందా అన్నది కంటికంటే ముందు చేతికే తెలిసేది. కారు నడిపేవాడికి గేర్‌రాడ్డు కూడా అలాంటిదే. ఇంజన్ గొంతు మారగానే ఎడమ కాలు క్లచ్ మీదికి, ఎడమ చేయి గేరు మీదికి వాటంతట అవే పోతాయి. చేతికి, కాలికి, చెవికి ఈ పొత్తు కుదిరిన రోజు నుంచి బండి నడపడం పనిలా అనిపించదు, వేడుకలా ఉంటుంది.

ఇప్పుడా వేడుక కొద్దికొద్దిగా కనుమరుగవుతోంది. క్లచ్ తొక్కే పనిలేని కార్లు ప్రొద్దుటూరు, పులివెందుల వీధుల్లోనే కాదు, పల్లెల్లోనూ తిరుగుతున్నాయి. కరెంటు కార్లలోనైతే మార్చుకోవడానికి గేర్లే లేవు. అయినా మన దేశంలో ఇప్పటికీ గేరు కార్లదే పైచేయి. మరి వాటిలో నడపడానికి అన్నిటికంటే సరదాగా ఉండేది ఏది?

ఈ ప్రశ్న రచ్చబండ దగ్గర వేస్తే పెద్దవాళ్లు జీపు అంటారు, పెళ్లిళ్లకు బాడుగ తిప్పినవాళ్లు అంబాసిడర్ అంటారు, కుర్రకారు థార్ అంటారు. ఎవరి మాట వారిదే. అయితే పెద్ద ఇంజన్, పెద్ద ధర ఉన్న కారే సరదా కారు అనుకుంటే పొరపాటు. కింద రోడ్డు ఎలా ఉందో, లోపల ఇంజన్ ఎలా లాగుతోందో నడిపేవాడికి ఎప్పటికప్పుడు తెలియజేసే కారే సరదా కారు. ఆ లెక్కన చూస్తే మన జిల్లా రోడ్ల మీద తిరిగిన పాత బండ్లు ఏ విదేశీ కారుకూ తీసిపోవు.

గేరు చేసే పని

పెద్ద బండను కదిలించాలంటే పొడవాటి పలుగు వాడతాం. చేయి చాలా దూరం కదిలితే బండ కొంచెమే కదులుతుంది. కానీ బలం మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఫస్టు గేరు పని కూడా ఇదే. ఇంజన్ ఎన్నో చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం తక్కువ, లాగుడు ఎక్కువ. టాపు గేరులో దీనికి తిరకాసు: వేగం ఎక్కువ, లాగుడు తక్కువ. తిరుగుతున్న ఇంజన్‌ను చక్రాలకు మెల్లగా కలిపేది, అవసరమైనప్పుడు విడదీసేది క్లచ్.

ఏ సమయంలో ఎంత లాగుడు కావాలో తేల్చేది గేరు కారులో మనిషే. నడపడంలోని రుచి అంతా ఆ నిర్ణయంలోనే ఉంది. సరైన సమయంలో గేరు పడితే బండి కుదుపు లేకుండా సాగిపోతుంది. తప్పితే వణుకుతుంది, మూలుగుతుంది, లేదా ఆగిపోతుంది. తప్పు చేసిన సంగతి వెంటనే తెలియడం, మరుసటిసారి దిద్దుకోవడం, ఇవే అలవాటును విద్యగా మారుస్తాయి.

ఇసుకలో రాజు జీపు

అమెరికా విల్లీస్ కంపెనీ జీపును మహీంద్రా వారు 1940ల చివరి నుంచి బొంబాయిలో బిగించడం ప్రారంభించారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు రాయలసీమ పల్లెలకు మోటారు బండి అంటే జీపే. పాత పెట్రోలు జీపులో ముందుకు పోవడానికి మూడే గేర్లు. పెద్ద రాడ్డు పక్కన రెండు చిన్న రాడ్లు ఉండేవి. ఒకటి ముందు చక్రాలకూ లాగుడు ఇచ్చేది, రెండోది లాగుడును మరింత పెంచేది.

అందులో ఫస్టు గేరుకు సింక్రోమెష్ లేదు. అంటే గేరు పళ్ల వేగాలను కలిపే ఏర్పాటు లేదు. కదులుతున్న బండికి ఫస్టు వేయాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటరు కాస్త ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. కుదిరితే చప్పుడే ఉండదు. కుదరకపోతే కరకరమన్న మోత ఊరంతా వినిపించేది. పక్కన కూర్చున్నవాళ్లు నవ్వేవారు. మొదటిసారి చప్పుడు లేకుండా గేరు పడిన రోజు మాత్రం ఎవరూ మరచిపోరు.

కమలాపురం దగ్గర పాపాఘ్ని వచ్చి పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో చాలా రోజులు ఈ ఏర్లలో నీటికంటే ఇసుకే ఎక్కువ. అలాగని ఏటిని తక్కువగా చూడరాదు. 2021 నవంబరు వరదల్లో కమలాపురం వద్ద పాపాఘ్ని వంతెన కూలిన సంగతి పాఠకులకు గుర్తే. ఎండిన ఏటి ఇసుకలో బండి దాటించాలంటే ఒకటే సూత్రం. దిగకముందే తక్కువ గేరు వేసుకోవాలి, అవతలి గట్టు చేరేదాకా గేరు మార్చకూడదు, యాక్సిలరేటరు తీయకూడదు. మధ్యలో క్లచ్ తొక్కితే చక్రం అక్కడే దిగబడుతుంది.

నల్లరేగడి దారుల్లో వాన పడితే పద్ధతి మారిపోతుంది. అక్కడ ఫస్టు గేరు బలం ఎక్కువై చక్రం ఉన్నచోటనే తిరిగి గుంత చేసుకుంటుంది. సెకండు గేరులో, యాక్సిలరేటరు మెల్లగా ఇస్తూ కదిలిస్తే బండి జారకుండా పోతుంది. ఇసుకకు ఒక గేరు, బురదకు ఒక గేరు అని నేర్పిన బడి జీపే.

అంబాసిడర్ దర్జా, ఫియట్ సున్నితం

ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో 1950ల చివర్లో హిందూస్థాన్ మోటార్స్ వారు కలకత్తా సమీపంలోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ప్రారంభించారు. దీని గేర్‌రాడ్డు కింద కాక స్టీరింగు పక్కన ఉండేది. ముందు సీటు బల్లలా ఒకటే. అందుకే డ్రైవరు పక్కన ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు కూడా సర్దుకునేవారు. డ్రైవరు సగం బయటికి ఒరిగి, మోచేయి కిటికీలో పెట్టి, ఎడమచేత్తో గేరు మార్చడం చూడముచ్చటగా ఉండేది.

ఇది పరుగులు పెట్టే కారు కాదు. 1489 సీసీ పెట్రోలు ఇంజన్ బరువైన ఒంటిని నింపాదిగా లాగేది. దాని సుఖం తొందర లేకపోవడంలోనే ఉంది. టాపు గేరులో వేసి వదిలితే గుంతలను స్ప్రింగులే చూసుకునేవి. పెళ్లికొడుకును ఊరేగించినా, అధికారిని తిప్పినా, ఎన్నికల ప్రచారానికి పోయినా అదే నడక. తర్వాతి కాలంలో ఇసుజు ఇంజన్‌తో, కింది గేరుతో కూడా వచ్చింది కానీ, పాత డ్రైవర్ల మనసులో నిలిచింది స్టీరింగు గేరే.

ఫియట్ దారి వేరు. ఇటలీ ఫియట్ 1100 మన దేశంలో 1970ల నుంచి ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకుంది. ఇంజన్ 1089 సీసీ మాత్రమే. దీనికీ గేరు స్టీరింగు పక్కనే, కానీ అంబాసిడర్ అంత బలం వాడనక్కరలేదు, వేళ్లతో తోస్తే చాలు. ఇరుకు బజార్లలో చక్కగా మలుపు తిరిగేది. అంబాసిడర్‌కు భుజబలం కావాలి, ఫియట్‌కు సున్నితం కావాలి అనే మాట ఊరికే పుట్టలేదు. బొంబాయిలో చివరి పద్మిని టాక్సీ గడువు 2023 అక్టోబరులో ముగిసింది.

చిన్న మారుతీ చేసిన మాయ

1983 డిసెంబరు 14న నాటి ప్రధాని ఇందిరాగాంధీ తొలి మారుతీ 800 తాళం చెవులను కొనుగోలుదారుకు అందజేశారు. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్. జీపులకు, పెద్ద కార్లకు అలవాటు పడినవారు దీన్ని చూసి అగ్గిపెట్టె అన్నారు. ఒకసారి నడిపాక మాట మార్చుకున్నారు.

కారణం బరువు. అంబాసిడర్ బరువులో ఇది దాదాపు సగం. లాగడానికి బరువు లేనప్పుడు చిన్న ఇంజన్ కూడా హుషారుగా ఉంటుంది. గేరు కింద, చేతికి దగ్గరగా వచ్చింది. రాడ్డు కొంచెం కదిపితే చాలు, గేరు పడేది. క్లచ్ మెత్తన. ఇంజన్ ముందు చక్రాలనే తిప్పడం వల్ల మలుపుల్లో ముక్కు పట్టి లాగినట్టు పోయేది. అప్పటిదాకా కారు నడపడం డ్రైవరు పని. మారుతీ వచ్చాక అయ్యవారు, డాక్టరు, వ్యాపారి ఎవరికి వారే నడపడం మొదలుపెట్టారు. గేరు కారు సరదాను ఎక్కువమందికి పంచిన కారు ఏదంటే మారుతీ 800 అనే చెప్పాలి.

ఇక్కడ ఒక విశేషం. 2014 జనవరిలో మారుతీ 800 తయారీ ఆగింది. మరుసటి నెలలోనే క్లచ్ లేకుండా తనంతట తానే గేరు మార్చుకునే మారుతీ సెలేరియో చవక ధరలో వచ్చింది. మే నెలలో అంబాసిడర్ తయారీ కూడా నిలిచిపోయింది. అయిదు నెలల్లో ఒక కాలం ముగిసి మరో కాలం మొదలైంది.

సుమో అసలు సంగతి

సీమ పేరుతో వచ్చిన సినిమాల పుణ్యమా అని బయటివారికి సుమో అంటే గాలిలోకి లేచే బండి. మనకు మాత్రం 1994లో వచ్చిన ఆ టాటా బండి తిరుపతికి, పెళ్లిళ్లకు, రాత్రిపూట ఆస్పత్రికి పోయిన బండి. దాని గేర్‌రాడ్డు పొడవు. గేరు మార్చాలంటే భుజం కదలాల్సిందే. చురుకుదనం తక్కువే కానీ పదిమందిని ఎక్కించుకుని తక్కువ గేరులో మొరాయించకుండా లాగడం దాని గొప్ప. 2019లో దీని తయారీ కూడా ఆగింది.

ఇతర దేశాల్లో

గేరు సరదా కోసమే కార్లు చేసే కంపెనీలూ ఉన్నాయి. జపాన్ మాజ్డా వారు 1989లో ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల కారు తెచ్చారు. ఇంజన్ చిన్నది, బరువు తక్కువ, గేర్‌రాడ్డు పొట్టిది. గుర్రం, రౌతు ఒకటైపోవాలన్నది వారు పెట్టుకున్న సూత్రం. పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైనది ఇదే. జర్మనీ పోర్షే వారు కూడా 911 కార్లలో కొన్ని రకాలను గేరుతోనే అమ్ముతున్నారు. అమెరికాలో మాత్రం కొత్తగా అమ్ముడయ్యే కార్లలో గేరువి వెతికితే తప్ప దొరకవు.

అన్ని లక్షలు పోసి వాళ్లు కోరుకునేది కూడా తక్కువ బరువు, తేలికైన గేరు, రోడ్డు తెలిసే స్టీరింగు. మారుతీ 800లో మనం చూసింది అదే కదా!

ఘాట్‌లో గేరే ప్రాణం

సరదా సంగతి అలా ఉంచితే, గేరు తెలియకపోతే ప్రాణం మీదికి వచ్చే చోటు మన జిల్లాలోనే ఉంది. కడప నుంచి రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్ అది. అక్కడ పాలకోవా ఎంత ప్రసిద్ధో, ప్రమాదాలూ అంతే.

ఎక్కేటప్పుడు ఏ గేరో, దిగేటప్పుడూ అదే గేరు అన్నది పాత డ్రైవర్ల సూత్రం. తక్కువ గేరులో దిగితే బండి వేగాన్ని ఇంజనే పట్టి ఉంచుతుంది. బ్రేకు అవసరమైనప్పుడే తొక్కితే చాలు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలితే బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కి, చివరికి పట్టు వదులుతాయి. పైగా ఈ కాలపు ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే ఇంధనం సరఫరా దానంతట అదే ఆగుతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ తిరగడానికి ఇంకా కాస్త ఖర్చవుతుంది. ప్రాణానికి తెగించి మిగిల్చుకునేది ఏమీ లేదన్నమాట.

క్లచ్ లేని కార్లనూ తక్కువ చేయనక్కరలేదు. ప్రొద్దుటూరు బజారు రద్దీలో, మోకాళ్ల నొప్పులున్నవారికి అవి ఎంతో సుఖం. చాలావాటిలో దిగుడుకు తక్కువ గేరు పట్టి ఉంచే ఏర్పాటూ ఉంది. అయితే అది ఎందుకుందో, ఎప్పుడు వాడాలో తెలిసేది గేరు బండి మీద నేర్చుకున్నవారికే.

కొనేవారికి నాలుగు మాటలు

ఇప్పటి బండ్లలో సరదా కోరేవారికి స్విఫ్ట్ తేలికైనది, గేరు హాయిగా పడుతుంది. ఏరు, కొండ, పొలం దారులుంటే 2020లో వచ్చిన కొత్త థార్‌లో ఆరు గేర్లు ఉన్నాయి, 2023లో వచ్చిన జిమ్నీ దానికంటే తేలిక. ముందు చక్రాలకూ లాగుడు ఉన్న థార్ రకాల్లోనూ, జిమ్నీలోనూ పాత జీపులాగే లాగుడు పెంచే రెండో రాడ్డు ఉంది.

పాత బండి కొనేవారు గేరు, క్లచ్ పరీక్షించకుండా బయానా ఇవ్వరాదు. చదునైన చోట హ్యాండ్‌బ్రేకు గట్టిగా వేసి, ముందూ వెనుకా మనుషులు లేకుండా చూసుకుని, మూడో గేరులో మెల్లగా క్లచ్ వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోతే క్లచ్ బాగున్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అరిగినట్టు. దిగుడులో యాక్సిలరేటరు వదిలినప్పుడు గేరు దానంతట అదే ఊడి న్యూట్రల్‌లోకి వస్తే గేరుపెట్టెలో ఖర్చు ఉన్నట్టే. సొంత కారుకు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత పరీక్షకు పెట్టి పునరుద్ధరించుకోవాలి. కాబట్టి ఆర్‌సీ తేదీ కూడా చూసుకోవాలి.

నేర్చుకునే పిల్లలు తరచుగా చేసే తప్పు ఒకటే, బండి పోతున్నంతసేపూ ఎడమకాలు క్లచ్ మీదే ఉంచడం. ‘క్లచ్ మీద కాలు తీయబ్బీ’ అనే కేక తినకుండా మన ఊళ్లలో డ్రైవరైనవాడు లేడు. ఆ కేక వేసే పెద్దలు ఇంకా ఉండగానే, ఇంట్లో ఏ కారు ఉన్నా సరే, ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా వయసు వచ్చి లెర్నింగ్ లైసెన్స్ తీసుకోగానే ముందు గేరు బండి మీదే నేర్పించడం మంచిది. ఆ తర్వాత వారు ఏ బండైనా నడపగలరు. గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు ఇంట్లోవాళ్లూ నిశ్చింతగా ఉండగలరు.