ఖత్నాకు ముందు మేనమామ సంగతి అడగండి

కొన్నేళ్ల కిందట రాజాం దగ్గర మా బంధువుల ఇంట్లో ఒక బాబుకి ఖత్నా అయింది. పొద్దున పది గంటలకి అంతా సవ్యంగానే జరిగింది. రక్తం ఆగింది, చుట్టాలు బిర్యానీ తిని వెళ్లిపోయారు. సాయంత్రానికి కట్టు తడిసింది. మారిస్తే మళ్లీ తడిసింది. రాత్రికి బాబుని ఎత్తుకుని శ్రీకాకుళం పరుగెత్తారు. "చేసినవాడి చెయ్యి మంచిది కాదు" అన్నారు పెద్దవాళ్లు. తప్పు చేతిది కాదు. బాబు రక్తంలో ఉండాల్సిన ఒక ప్రొటీన్ లేదు. ఆ జబ్బు పేరు హీమోఫీలియా.

మరి పొద్దున ఆగిన రక్తం సాయంత్రం మళ్లీ ఎందుకొచ్చింది?

మామూలుగా వేలు తెగితే ముందు అక్కడి రక్తనాళం ముడుచుకుంటుంది. తర్వాత ప్లేట్‌లెట్లు వస్తాయి. డెంగీ పుణ్యమా అని ఈ పేరు మనందరికీ తెలుసు. ఇవి తెగిన చోట అతుక్కుని, ఒకదాన్నొకటి పట్టుకుని బిరడాలా అడ్డం పడతాయి. కొద్ది నిమిషాల పని. మనం పసుపో కాఫీపొడో అద్ది, దానివల్లే ఆగిందనుకునేది అప్పుడే. నిజానికి శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకుంటే చాలు.

అయితే ఆ బిరడా కచ్చా పనే. అది నిలబడాలంటే దానిమీద ఫైబ్రిన్ అనే సన్నటి దారాలు వలలా అల్లుకోవాలి. ఆ వల అల్లించడానికి రక్తంలో 'ఫ్యాక్టర్లు' ఉంటాయి. వాటికి 1 నుంచి 13 దాకా నంబర్లు, మధ్యలో ఆరో నంబరు మాత్రం లేదు. నేను బీకాం చదివినవాణ్ణి, నాకిది ఆఫీసు ఫైలులా కనబడుతుంది. ఒక టేబుల్ మీద సంతకం పడితేనే ఫైలు తర్వాతి టేబుల్‌కి కదులుతుంది. ఎనిమిదో కుర్చీ ఖాళీగా ఉంటే హీమోఫీలియా ఎ, తొమ్మిదోది ఖాళీ అయితే బి. ఈ బాబుకి ప్లేట్‌లెట్లు సరిగ్గానే ఉన్నాయి, బిరడా పడింది. వల అల్లుకోలేదు. కొన్ని గంటలకి బిరడా జారిపోయింది.

ఎ రకం సుమారు 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి ఉంటుంది. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, కొడుక్కి ఎక్స్ వచ్చేది తల్లి నుంచే. తల్లికి పెద్దగా ఏ ఇబ్బందీ కనబడకపోవచ్చు, అయినా పుట్టే ప్రతి కొడుక్కీ సగానికి సగం అవకాశం ఉంటుంది. అందుకే అడగాల్సింది బాబు మామూ గురించి, ఖాలా కొడుకుల గురించి. అలాగని "కోడలు తెచ్చిన జబ్బు" అనడం అన్యాయం. మూడింట ఒక వంతు కేసుల్లో ఇంతకుముందు కుటుంబంలో ఎవరికీ ఉండదు, జన్యువు కొత్తగా మారి వస్తుంది.

ఇది మనవాళ్లకి కొత్త సంగతేం కాదు. వెయ్యేళ్ల కిందటే స్పెయిన్‌లో అల్ జహ్రావీ అనే ముస్లిం వైద్యుడు, చిన్న దెబ్బలకే రక్తం ఆగక చనిపోయే ఒక ఊరి మగవాళ్ల గురించి తన 'అల్ తస్రీఫ్'లో రాశారు.

బాబు పాకేటప్పుడు ఒంటిమీద పెద్ద పెద్ద కమిలిన మచ్చలు పడుతున్నాయా? మోకాళ్లు ఊరికే వాస్తున్నాయా? మామూకి పన్ను పీకితే రక్తం ఆగలేదా? ఒక్కదానికి అవునన్నా, ఖత్నా ఆపి డాక్టరుకి చెప్పండి. ఏపీటీటీ పరీక్ష, ఫ్యాక్టర్ 8, 9 ఎంత ఉన్నాయో చూసే పరీక్ష అడగండి. ఉత్త 'బ్లీడింగ్ టైమ్' బాగుందంటే సరిపోదు, అది చూసేది బిరడానే. జబ్బు ఉందని తేలితే ఆస్ప్రిన్ ఇవ్వొద్దు. లేని ఫ్యాక్టర్‌ని ముందే నరంలోకి ఎక్కించి, ఆస్పత్రిలోనే ఖత్నా చేయించొచ్చు. ప్రాణభయం ఉంటే వాయిదా వేయొచ్చని ఉలమాలూ చెబుతారు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో హీమోఫీలియా కూడా ఉంది. తీవ్రంగా ఉన్నవారికి మన రాష్ట్రంలో నెలకు 10,000 రూపాయల పింఛన్ ఇస్తున్నారు. సచివాలయంలో అడగండి.

మా బంధువుల బాబు బతికాడు. విశాఖలో పరీక్ష చేసి, ఫ్యాక్టర్ 8 ఎక్కించారు. అక్కడ డాక్టరు కుటుంబంలో ఎవరికైనా ఉందా అని అడిగితే, బాబు నానీ అప్పుడు నోరు విప్పింది. ఆవిడ పెద్ద కొడుకు ఏడేళ్లప్పుడు పన్ను ఊడి, రెండ్రోజులు రక్తం కారి చనిపోయాడట. అంతవరకు ఆ మాట ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.