పిల్లికి షుగరొస్తే పస్తు పెట్టకండి

నీళ్ల గిన్నె మాటిమాటికీ ఖాళీ అవుతుంది. మూత్రం తెగ పోస్తుంది. ఆబగా తింటున్నా వెన్నెముక చేతికి తగులుతుంది. డాక్టరు పరీక్షలు చేసి షుగరని చెప్పగానే ఇంటిల్లిపాదీ సలహాలు మొదలుపెడతారు. వాటిలో కొన్ని పిల్లి ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: షుగరుంది కాబట్టి తిండి బాగా తగ్గించాలి.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. పిల్లి, అందునా లావుపాటి పిల్లి, కొద్ది రోజులు తిండి మానేసినా ఒంట్లోని కొవ్వు కదిలి కాలేయంలో పేరుకుంటుంది. ఇన్సులిన్ పడి, కడుపులో ఏమీ లేకపోతే రక్తంలో చక్కెర దిగిపోతుంది. బరువు తగ్గించాల్సిందే గానీ వారానికి 1 శాతం అటూఇటుగా, అదీ షుగరు కాస్త అదుపులోకి వచ్చాకే. చిక్కిపోయిన పిల్లికి ముందు కండ పట్టాలి. తిండి ముట్టకుండా వాంతులు చేసుకుంటూ మూల పడుకుంటే తెల్లారేదాకా ఆగొద్దు, కొవ్వు కరిగి పుట్టే కీటోన్లు అనే ఆమ్లాలు రక్తంలో పెరిగి ఉండొచ్చు. నీళ్లు మాత్రం ఎప్పుడూ తగ్గించకూడదు.

అపోహ: తీపి పెట్టట్లేదుగా, పెరుగన్నం పెడితే ఏమవుతుంది?

వాస్తవం: మన ఇళ్లలో ముద్దుగా పెట్టేది అదే, మాన్పించడం కష్టమే. కానీ పిల్లి పుట్టు మాంసాహారి. అన్నంలోని పిండి దాని రక్తంలో గ్లూకోజే అవుతుంది. డ్రై ఫుడ్ గింజలు గట్టిపడాలన్నా పిండి కలపాలి. గోధుమ, బియ్యం లేవని ప్యాకెట్టు మీద రాసినా బంగాళాదుంపో బఠాణీయో ఉండొచ్చు. మాంసకృత్తులు ఎక్కువగా, పిండి తక్కువగా ఉండే వెట్ ఫుడ్ మేలు. అలాగని ఉత్త ఉడికించిన చికెన్ మీదే నెలల తరబడి నెట్టుకురాకూడదు. అందులో కాల్షియం చాలదు, టారిన్ అనే పోషకం కూడా తగ్గుతుంది. టారిన్ లోపిస్తే గుండె, చూపు దెబ్బతింటాయి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. పిండి తగ్గితే ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది. డాక్టరుకు చెప్పకుండా తిండి మార్చేసి పాత మోతాదే ఇస్తే చక్కెర పడిపోతుంది. తూలుతూ నడిచినా, చూపు నిలిచిపోయినా, వణికినా చిగుళ్లకు తేనె రాసి ఆస్పత్రికి పరుగెత్తండి. ఫిట్స్ వస్తున్నప్పుడు నోట్లో వేలు పెట్టొద్దు.

అపోహ: సిరంజి ఏదైతే ఏం, గీత ఒకటే కదా?

వాస్తవం: కానే కాదు. మన మందుల షాపుల్లో 40 యూనిట్ల సిరంజి, 100 యూనిట్ల సిరంజి రెండూ దొరుకుతాయి. మామూలుగా మొదటిదానికి ఎర్ర మూత, రెండోదానికి నారింజ రంగు మూత. పిల్లులకు తరచూ రాసే గ్లార్జిన్ ఇన్సులిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది. దాన్ని ఎర్ర మూత సిరంజిలో ఒక యూనిట్ గీత దాకా లాగితే ఎక్కేది రెండున్నర యూనిట్లు. ఒకటి రెండు యూనిట్లతో మొదలయ్యే ఇంత చిన్న ప్రాణికి అది చాలా ఎక్కువ. మూత రంగునే నమ్ముకోక, సిరంజి మీదా సీసా మీదా అంకె చదవండి.

అపోహ: ఆస్పత్రిలో అంకె ఎక్కువొస్తే మోతాదు పెంచాలి.

వాస్తవం: భయంతోనే పిల్లి చక్కెర 300 దాటొచ్చు. అందుకే గడచిన ఒకటి రెండు వారాల సగటు తెలిపే ఫ్రక్టోసమీన్ పరీక్ష రాస్తారు. ఇంట్లో చెవి అంచున సూదితో గుచ్చి చూసే అంకె ఇంకా నమ్మదగ్గది.

అపోహ: ఇన్సులిన్ ఒకసారి మొదలైతే చచ్చేదాకా తప్పదు.

వాస్తవం: త్వరగా మొదలుపెట్టి తిండి సరిచేస్తే కొన్ని నెలల్లో ఇన్సులిన్ లేకుండానే నిలదొక్కుకునే పిల్లులు ఎన్నో. మొదటి నెలల శ్రమ అందుకే అంత విలువైనది. జబ్బు తిరగబెట్టొచ్చు కాబట్టి పాత తిండికి మాత్రం వెళ్లకూడదు. మాత్రలూ వచ్చాయి. అమెరికా ఎఫ్‌డీఏ 2022లో బెక్సాగ్లిఫ్లోజిన్‌ను పిల్లులకు ఆమోదించింది. అయితే అది అప్పటికే ఇన్సులిన్ తీసుకున్న పిల్లులకు కాదు. మీ నాన్నగారి మాత్రలో ముక్క అసలే వద్దు.

పిల్లి కదిలి సూది సగమే పడిందని అనుమానం వస్తే మళ్లీ వేయకండి. తర్వాతి మోతాదు పన్నెండు గంటలకే, మామూలు వేళకే.