పాచిక మాట

మొన్న వేసవి సెలవుల్లో బెంగుళూరులో మనవలతో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటకు నేనూ కూర్చున్నాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట ఇది. పెద్దవాడు కథ నడిపితే తక్కినవాళ్లం తలా ఒక పాత్రయి మాట్లాడాలి. తలపెట్టిన సాహసం ఫలించేదీ లేనిదీ ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

మా చిన్నది వీరనారి. దెబ్బతిని పడిపోయింది. ఇక పాచిక మూడుసార్లు పదో, ఆపైనో పడితే ప్రాణం నిలుస్తుంది. మూడుసార్లు తగ్గితే అంతే. రెండుసార్లు తగ్గింది. మూడోసారి నాలుగు! పిల్ల కళ్లనిండా నీళ్లు.

"పోనీలేరా, బతికించు" అన్నాను. కథ నడిపేవాడికి ఆ అధికారం పుస్తకమే ఇచ్చిందట. కథ కోసం నియమం సడలించే జట్లూ ఉన్నాయట. మావాడు తటపటాయించాడు.

"వద్దు తాతయ్యా, అలా బతికితే నాకేం బాగుండదు" అంది చిన్నదే, ముక్కు తుడుచుకుంటూ. కొత్త పాత్రకు మంచి తెలుగు పేరు చెప్పమంది.

"రుద్రమ" అన్నాను.