గూగుల్ జీడిపప్పు, పలాస ప్యాకెట్టు

కాశీబుగ్గలో నేను పనిచేసే డిజైన్ షాపుకి ఎక్కువ గిరాకీ జీడిపప్పు ప్యాకెట్లదే. ఉద్దానం కొబ్బరినూనె లేబుళ్లు, టెక్కలి పెళ్లిళ్ల ఫ్లెక్సీలు ఆ తర్వాత. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "గూగుల్‌లో బొమ్మలు బోల్డున్నాయి కదమ్మా, ఒకటి లాగి పెట్టీ." లాగడం క్షణం పని. ఏది లాగామన్నదే లెక్క.

'జీడిపప్పు' అని కొట్టగానే గూగుల్‌లో వరసగా కనబడేవి అసలు బొమ్మలు కావు, చిన్న నకళ్లు. అక్కడే రైట్ క్లిక్ కొట్టి కాపీ చేస్తే ఆ నకలే వస్తుంది. అసలు ఫైలు తెరిచే 'వ్యూ ఇమేజ్' మీట 2018 ఫిబ్రవరి దాకా పక్కనే ఉండేది. ఫొటోలమ్మే గెట్టీ సంస్థతో ఒప్పందం కుదిరాక గూగుల్ దాన్ని తీసేసింది. ఇప్పుడు బొమ్మ ఉన్న సైటులోకే వెళ్లి, దాన్ని వేరే ట్యాబ్‌లో తెరిచి కాపీ చేసుకోవాలి.

నేను వాడేది క్రిటా, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. కంట్రోల్-వి కొడితే బొమ్మ తెరిచివున్న కాన్వాస్ మీద కొత్త లేయరుగా పడుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కితే బొమ్మ కొలతకే కొత్త కాన్వాస్ తెరుచుకుంటుంది. నాది ఎప్పుడూ రెండో దారే, సైజు గుట్టు వెంటనే బయటపడుతుంది. కాపీలో వచ్చేవి చుక్కల (పిక్సెళ్ల) రంగులే. ఏ రంగుల లెక్కలో చూడాలో వాటితో రాకపోతే క్రిటా అడుగుతుంది: వెబ్ బొమ్మగానా, మానిటర్‌లో కనబడినట్టుగానా? నెట్ బొమ్మకి 'వెబ్' అనడమే సబబు.

ఇక కొలత. లేబుల్ శుభ్రంగా అచ్చవ్వాలంటే అంగుళానికి 300 చుక్కలు కావాలి. ఆరంగుళాల ప్యాకెట్టుకి అడ్డంగా 1800. నెట్‌లో దొరికింది 600 చుక్కల బొమ్మయితే రెండంగుళాలకే సరి. సాగదీస్తే మధ్య చుక్కల్ని సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది. పప్పు అంచులు ఉప్మాలో నానినట్టు మెత్తబడిపోతాయి. "అదేటమ్మా, ఫోన్లో బాగానే ఉంది గదా!" అంటారు. ఫోన్ తెర వెడల్పు మూడంగుళాలు కూడా ఉండదు మరి. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకైతే ఇంత పట్టింపు అక్కర్లేదు.

నాకు ఒళ్లు మండేది మాత్రం దొంగ గళ్లతో. బ్యాక్‌గ్రౌండ్ లేదని చెప్పడానికి తెల్ల, బూడిద గళ్లు చూపిస్తారు కదా, కొన్ని బొమ్మల్లో ఆ గళ్లు నిజంగా గీసేసి ఉంటాయి. పేస్ట్ చేస్తే పప్పుతోపాటు గళ్లూ దిగుతాయి. అప్పుడు అంచు వెంట చేత్తో చెరపడమే.

ఇవన్నీ దాటినా, ఆ ఫొటో ఎవరిది? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, నెట్‌లో పెట్టినంత మాత్రాన హక్కు పోదు. వికీమీడియా కామన్స్‌లో వ్యాపారానికీ వాడుకోదగ్గవి దొరుకుతాయి, కానీ చాలావాటికి తీసినవాళ్ల పేరు, లైసెన్సు వెయ్యాలి. తేలినీలాపురం కొంగల ఫ్లెక్సీ అడుగున ఆ లైను పడుతుంది. పావుకిలో ప్యాకెట్టు మీద ఎక్కడ ఇరికించను? పైగా నెట్‌లోని పప్పు వియత్నాందో, ఆఫ్రికాదో.

అందుకే జీడిపప్పు వ్యాపారులతో నేరుగా చెప్తాను: మీ 240 రకం గుండ్లు గుప్పెడు నల్లగుడ్డ మీద పోసి, కిటికీ దగ్గర ఫొటో తీయండి, వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, చుక్కలు తగ్గవు. కొందరు పప్పే పట్టుకొచ్చేస్తారు. ఫొటో అయ్యాక దాన్ని ఇంతవరకూ ఎవరూ వెనక్కి అడగలేదు.